రేవు పక్కన ఉందామా, షామ్‌బర్గ్‌లోనా?

షికాగోలో ఉద్యోగం అనగానే మన కుర్రాళ్ల కళ్లముందు కదిలేది మిషిగన్ సరస్సే. సముద్రమా అనిపించేన్ని నీళ్లు, ఒడ్డున పడవల రేవులు, 1916లో తెరిచిన నేవీ పియర్, వెనకాలే ఆకాశాన్నంటే భవనాలు. స్ట్రీటర్‌విల్‌లో కిటికీ తీస్తే నీళ్లు కనపడే ఇల్లు దొరికితే ఇంకేం కావాలి? తీరా అద్దె ఎంతో విన్నాక, దూరపు కొండలు నునుపు అనుకుంటూ చాలామంది షామ్‌బర్గ్ దారి పడతారు.

ఒకప్పుడు ఇవి జర్మన్ రైతుల పొలాలు. 1956లో ఊరుగా ఏర్పడింది. 1971లో వుడ్‌ఫీల్డ్ మాల్ వచ్చాక రూపే మారిపోయింది. మోటరోలా ప్రధాన కార్యాలయం దశాబ్దాలపాటు ఇక్కడే ఉండేది. ఆఫీసు పక్కనే ఇల్లు, ఒ'హేర్ విమానాశ్రయం దగ్గర, అమ్మానాన్నలు వస్తే తీసుకురావడం సులువు. అరోరా బాలాజీ గుడికి, లెమాంట్ రామాలయానికి కారు తీస్తే చాలు.

ఆ కారే అసలు చిక్కు. నగరంలో కాలినడకన పని జరిగిపోతుంది. ఇక్కడ పాల ప్యాకెట్టుకైనా బండి తీయాల్సిందే. ఉన్న ఒక్క కారూ ఆయన ఆఫీసుకు తీసుకుపోతే, హెచ్-4 మీద వచ్చిన ఇల్లాలు నాలుగు గోడల మధ్యే. 2015 నుంచి హెచ్-4 వారిలో కొందరికి ఉద్యోగం చేసే వీలు కలిగినా, అక్కడికి వెళ్లాలన్నా డ్రైవింగ్ రావాలి. ఇక చలికాలం సంగతి! 2019 జనవరి 30న షికాగోలో సున్నాకు దిగువన 30 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోయింది. ఆ చలిలో బస్టాపులో నిలబడగలమా?

ఆఫీసులూ ఒకచోట ఉండవు. మోటరోలా సొల్యూషన్స్ 2016లో ప్రధాన కార్యాలయాన్ని షికాగో నగరానికి మార్చింది. పని నగరంలో, కాపురం ఇక్కడ అయితే మెట్రా రైలే దిక్కు. యూనియన్ స్టేషన్‌లో దిగాక ఆఫీసుకు మళ్లీ నడకో, బస్సో. సాయంత్రం ఇంటికొచ్చేసరికి పిల్లలు నిద్రకు పడతారు.

అందుకే మనవాళ్లకు మేం చెప్పేది ఒకటే. అద్దె ఒక్కటే చూడకండి. కారు ఖర్చు, రైలు టికెట్టు, ఇంట్లో ఉండే మనిషి ఒంటరితనం కూడా లెక్కలో వేయండి. ఉద్యోగం పోతే హెచ్-1బి వారికి 2017 నుంచి ఉన్న గడువు గరిష్ఠంగా 60 రోజులే, లీజు మాత్రం సాధారణంగా ఏడాది. మధ్యలో ఖాళీ చేస్తే ఎంత కట్టాలో సంతకానికి ముందే అడగండి.

ఆవిడకు డ్రైవింగ్ నేర్పించండి. సరస్సు ఎక్కడికీ పోదు, ఆదివారం వెళ్లి చూసి రావచ్చు.