పోలీసు జాగిలాలు: అపోహలు – వాస్తవాలు

బెల్జియన్ మాలినాయిస్, జర్మన్ షెపర్డ్, లాబ్రడార్ వంటి పని కుక్కలను మిగతావాటి నుంచి వేరు చేసేది కండబలం కాదు, యావ. విసిరిన బంతి కోసం ముళ్లపొదలోకైనా దూరడం, అలసిపోయినా వెతుకులాట మానకపోవడం దాని లక్షణాలు. శిక్షకులు దీన్ని డ్రైవ్ అంటారు. జనానికి మాత్రం ఇవి కాసేపే కనిపిస్తాయి. బాన్సువాడ లాంటి పట్టణంలో పెద్ద చోరీ జరిగితే డాగ్ స్క్వాడ్ వస్తుంది. జాగిలం తనను నడిపించే హ్యాండ్లర్‌ను వీధుల వెంట లాక్కెళ్తుంటే జనం గుమిగూడతారు. ఆ కాసేపటి దృశ్యం నుంచి పుట్టిన నమ్మకాలు చాలావరకు నిజానికి దూరం.

వాటిలో బాగా పాతుకుపోయింది, ఇవి కోపిష్టి కుక్కలన్న నమ్మకం. కోపానికీ యావకూ మూలాలు వేరు. కుక్క కోపం చాలాసార్లు భయంలోంచి వస్తుంది. భయపడిన కుక్క ఎదుటి మనిషిని దూరంగా తరమాలని చూస్తుంది. యావ ఉన్న కుక్కకు మనిషితో పేచీ లేదు, కావలసిన వస్తువు దొరకాలి, అంతే. అందుకే శిక్షణకు ఎంపిక చేసేటప్పుడు మొరుగుతూ మీదికొచ్చే కుక్కపిల్లను పక్కన పెడతారు. కొత్త చోటులో, పెద్ద చప్పుళ్ల మధ్య, జారే నేల మీద కూడా బొమ్మను మరచిపోని పిల్లను తీసుకుంటారు. మూడో వారం నుంచి సుమారు మూడు నెలల వయసు దాకా చూసిన మనుషులు, విన్న శబ్దాలు దాని స్వభావాన్ని చాలావరకు తీర్చిదిద్దుతాయి. దాడి విద్యను కూడా చేతికి తొడిగిన మందపాటి తొడుగును పట్టుకునే ఆటగానే మొదలుపెడతారు. ఆజ్ఞ వినగానే పట్టు వదలడం ఆ పాఠంలో సగం. పట్టు వదలని కుక్క ఎంత చురుకైనదైనా విధులకు పనికిరాదు.

గంజాయి పట్టే జాగిలానికి ముందుగా గంజాయి అలవాటు చేస్తారని, కడుపు మాడిస్తే ముక్కు పదునెక్కుతుందని కూడా అనుకుంటారు. రెండూ తప్పే. మత్తుపదార్థం లోపలికి పోతే కుక్కకు విషమే అవుతుంది. ఆకలితో నీరసించిన కుక్కకు ధ్యాస నిలవదు. జరిగేది ఇంతే: ఒక వాసన దగ్గర ఆగిన ప్రతిసారీ బంతి దక్కుతుంది. కొన్నాళ్లకు ఆ వాసన అంటే బంతి అన్న లంకె మనసులో గట్టిపడుతుంది. కుక్క వెతికేది గంజాయిని కాదు, తన ఆటను. రంగారెడ్డి జిల్లా మొయినాబాద్‌లోని సమీకృత ఇంటెలిజెన్స్ శిక్షణ అకాడమీలో జాగిలాలు, వాటి హ్యాండ్లర్లు కలిసి సుమారు 8 నెలలు ఈ సాధన చేస్తారు. మద్య నిషేధం ఉన్న బీహార్ కోసం మద్యం వాసన పట్టే జాగిలాలు ఇక్కడే తయారయ్యాయి. పేలుడు పదార్థాలు పట్టే జాగిలానికి మరో జాగ్రత్త అవసరం. అది కాలితో గీరకూడదు, మొరగకూడదు. వాసన తగిలిన చోట కదలకుండా కూర్చోవాలి.

కొట్టి లొంగదీస్తేనే ఇలాంటి కుక్క మాట వింటుందన్న వాదన పల్లెల్లోనే కాదు, ఒకప్పుడు శిక్షణ కేంద్రాల్లోనూ ఉండేది. బెల్జియం సైన్యంలో 33 కుక్క–హ్యాండ్లర్ జంటలను గమనించిన అధ్యయనం 2008లో వెలువడింది. పనిలో వెనకబడ్డ కుక్కలకే శిక్షలు ఎక్కువగా పడుతున్నట్టు అందులో తేలింది. శిక్షల వల్లే అవి వెనకబడ్డాయని దీంతో రుజువు కాదు. అయితే శిక్షలు పడినా అవి వెనకే ఉన్నాయన్నది మాత్రం స్పష్టం.

జాగిలం ముక్కు ఎప్పుడూ పొరబడదన్నది అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ. కుక్క ఎవరి గుమ్మం ముందు ఆగితే వాడే దొంగ అని ఊరు తీర్పు చెప్పేస్తుంది. ఆ ఇంటివాళ్లు తలెత్తుకు తిరగలేని పరిస్థితి వస్తుంది. ముక్కు శక్తి గొప్పదే. మనిషికి వాసన గ్రాహకాలు 50, 60 లక్షలైతే కుక్కకు 20 కోట్లకు పైనే. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి 8 మంది చిక్కుకున్నప్పుడు, బురదా శిథిలాల మధ్య కేరళ పోలీసుల మాలినాయిస్ జాగిలాలు చోటు చూపాయి. అక్కడ తవ్వితే మార్చి 9న ఒకరి మృతదేహం దొరికింది. అయితే వాసన పట్టేది కుక్క అయినా, దాని అర్థం చెప్పేది మనిషి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 18 కుక్క–హ్యాండ్లర్ జంటలతో చేసిన పరీక్ష 2011లో ప్రచురితమైంది. వెతికిన గదుల్లో ఏ పదార్థమూ లేదు. ఫలానా గుర్తున్న చోట వాసన ఉందని హ్యాండ్లర్లకు ముందే చెప్పారు. ఆ గుర్తుల దగ్గరే ఎక్కువసార్లు కుక్క సూచన ఇచ్చిందని వాళ్లు నివేదించారు. హ్యాండ్లర్ నడక నెమ్మదించినా, చూపు నిలిచినా కుక్క పసిగడుతుంది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక హత్య కేసులో సుప్రీంకోర్టు 2001లోనే ఈ విషయం తేల్చింది: కుక్కగానీ దాని యజమానిగానీ పొరబడవచ్చు, కుక్క ప్రవర్తనకు తప్పుడు అర్థం తీయవచ్చు. జాగిలం దర్యాప్తుకు దారి చూపుతుంది. నేరాన్ని రుజువు చేయడానికి వేరే ఆధారాలు కావాలి.

మాలినాయిస్‌ను కొనితెచ్చి గేటు దగ్గర గొలుసుతో కట్టేస్తే మంచి కాపలా అన్న ఆలోచన ఈమధ్య పట్టణాల్లో పెరుగుతోంది. మందల వెంట కాపలా తిరిగే నాటు కుక్క పని వేరు. అది గొర్రెల పక్కన గంటల తరబడి నింపాదిగా పడుకుని, అలికిడైతేనే లేస్తుంది. మాలినాయిస్ అలా ఉండలేదు. పని లేకపోతే గొలుసు కొరుకుతుంది, తన తోక చుట్టూ తానే తిరుగుతుంది, పరుగెత్తే పిల్లల్ని, బైకుల్ని తరుముతుంది. రోజూ పరుగు, వెతుకులాట, విధేయత సాధన ఇవ్వగలిగిన వాళ్లకే ఆ జాతి తగినది. ఎండాకాలంలో బాన్సువాడ ప్రాంతంలో వేడి 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఆ సాధన తెల్లవారుజామునే ముగించాలి. యావ ఎక్కువైన కుక్క అలసటను పట్టించుకోదు, వడదెబ్బ తగిలేదాకా పరుగెడుతూనే ఉంటుంది. వగర్చేటప్పుడు ముక్కుతో పీల్చడం తగ్గిపోతుంది కనుక అప్పుడు వాసన పట్టడం కూడా మందగిస్తుంది.

శిక్షణ ఒకసారి పూర్తయితే జీవితాంతం ఉంటుందన్నదీ నిజం కాదు. సాధన ఆగితే వాసన గుర్తింపు మసకబారవచ్చు. అందుకే స్క్వాడ్‌లలో కుక్క పదవీ విరమణ దాకా సాధన సాగుతుంది. హ్యాండ్లర్ మారితే కొత్త జంట మళ్లీ కలిసి అభ్యాసం చేశాకే విధుల్లోకి వెళుతుంది.