మీకు తెలుసా? మౌస్‌కు అడ్డు తగిలేది పక్కనున్న హార్డ్ డిస్క్ కావచ్చు!
వైర్‌లెస్ మౌస్, కీబోర్డు మాటిమాటికీ ఆగిపోతుంటే ముందు బ్యాటరీ మారుస్తాం. అది సరైన పనే. కొత్త బ్యాటరీతోనూ అదే తంతు అయితే, కంప్యూటర్‌కు తగిలించిన మౌస్ రిసీవర్ పక్క పోర్టులో ఏముందో చూడండి. యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్కో పెన్ డ్రైవో ఉంటే దాన్నే అనుమానించాలి.

ఇలాంటి రిసీవర్లు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేస్తాయి. యూఎస్‌బీ 3.0లో డేటా సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో పరుగెడుతుంది. అప్పుడు కేబుల్ నుంచి, కనెక్టర్ నుంచి వెలువడే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతాన్ని కూడా కమ్మేస్తుంది. మౌస్ పంపే సన్నని సంకేతం, పెళ్లి బాజాల మధ్య ఫోన్‌లో మాటలా, అందులో కలిసిపోతుంది. ఇంటెల్ సంస్థ 2012లోనే దీన్ని పరీక్షించి పత్రం ప్రచురించింది. అయినా ఈ సంగతి తెలియక బాగున్న మౌస్‌లను పారేసేవాళ్లున్నారు, అదే బాధ.

రిసీవర్‌ను చిన్న యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్‌కు తగిలించి మౌస్ దగ్గరికి తెచ్చుకుంటే చాలాసార్లు సమస్య తీరుతుంది.

కాసేపు ముట్టుకోనప్పుడే ఆగిపోతుంటే మాత్రం కారణం వేరే ఉండొచ్చు. కరెంటు ఆదాకు విండోసే రిసీవర్ ఉన్న పోర్టును నిద్రపుచ్చుతుంటుంది. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్‌ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌ కింద, కరెంటు ఆదాకు ఆ పరికరాన్ని ఆపేయడానికి అనుమతించే టిక్కు తీసేయండి.