పై అరలోని హల్వా

మాడుగుల నుండి చుట్టాలు వచ్చినారంటే విశాఖపట్నపు ఇండ్లలోనికి వారి వెంట హల్వా పెట్టె కూడ రావలసినదే. గోధుమపాలు, నేయి, జీడిపప్పు కలిసిన ఆ హల్వాను పిల్లవానికి ఒక ముక్క పెట్టి, మిగిలినది అద్దాల బీరువాలో పై అరన ఉంచి, “ఇక అడుగవద్దు” అంటాము. ఆ క్షణము నుండి వాని ధ్యాస అంతా బీరువా మీదనే. వెన్నకై రోలెక్కిన బాలకృష్ణుని ఎరిగిన మనకు ఇది క్రొత్త సంగతి కాదు.

అమెరికాలో జెన్నిఫర్ ఫిషర్, లియాన్ బర్చ్ అనే పరిశోధకులు 1999లో దీనినే పరీక్షించి చూచినారు. చిన్నపిల్లల ఎదుట ఒక తినుబండారమును కనబడేటట్లు ఉంచి, కొద్దిసేపు మాత్రమే తిననిచ్చినారు. పిల్లలు దానిని గురించియే మాట్లాడినారు, దానినే అడిగినారు. కట్టడి తొలగగానే దానినే ఎక్కువ తిన్నారు. బర్చ్ బృందము అయిదేండ్ల బాలికలను తొమ్మిదేండ్లు వచ్చువరకు గమనించి, 2003లో మరొక ఫలితము ప్రకటించినది. తల్లి ఎక్కువ కట్టడి చేసిన బాలికలు భోజనమైన పిమ్మట, ఆకలి లేకున్నను, చిరుతిండ్లు ఎక్కువ తిన్నారు. అప్పటికే బరువు ఎక్కువగా ఉన్నవారిలో ఇది మరింత స్పష్టముగా కనబడినది.

కడుపు నిండినదని శరీరము చెప్పే మాటను పసిపిల్లలు సహజముగానే వింటారు. ‘ఇప్పుడు తినకున్న మరల దొరకదు’ అనే ఆత్రము ఆ మాటను వినబడనీయదు.

అయితే కట్టడి వలననే పిల్లలు లావెక్కుతారని తేల్చి చెప్పుట తొందరపాటు. బిడ్డ బొద్దుగా ఉన్నదనే దిగులుతోనే తల్లి కట్టడి మొదలుపెట్టి ఉండవచ్చును. వంశము నుండి వచ్చే లక్షణములును ఉన్నవి. తల్లులను నిందించుటకు ఇక్కడ చోటు లేదు.

అట్లని హల్వా పెట్టెను పిల్లవాని చేతికిచ్చి ఊరకుండుమని కాదు. ఇంట లేని వస్తువు వేరు. కంటికి కనబడుచు చేతికందని వస్తువు వేరు. ఎక్కువ తెచ్చి దాచుటకంటె, కొద్దిగా తెచ్చి సాయంత్రము అందరును కలిసి కూర్చుండి తినుట మేలు. ఎలిన్ శాటర్ అనే అమెరికా పోషకాహార నిపుణురాలు ఈ పనిని రెండుగా పంచినది: ఏమి, ఎప్పుడు, ఎక్కడ పెట్టవలెననేది పెద్దల వంతు, ఎంత తినవలెననేది పిల్లల వంతు. మనకు కష్టమైనది ఈ రెండవదే. హల్వాకు “చాలు” అన్న నోటితోనే అన్నము దగ్గర “ఇంకొక్క ముద్ద” అంటాము! “అన్నము తింటేనే హల్వా” అనే బేరములో అన్నము శిక్షగాను, హల్వా బహుమానముగాను మారిపోతాయి.

బీచి రోడ్డున మురీ మిక్స్చరు బండి ముందు పిల్లవాడు రెండవ పొట్లమునకు మారాము చేసినప్పుడు, “మరల ఆదివారము కొందాము” అని చెప్పి, ఆ ఆదివారము తప్పక కొనిపెట్టవలెను. మాట నిలుస్తుందని తెలిసిన పిల్లవానికి అంతా ఈ పూటనే తినివేయవలసిన అగత్యము ఉండదు.