ప్యాకెట్ మీది మాట నమ్మవచ్చా?

దాతలు ఇచ్చే ప్రతి రూపాయి మా దగ్గర అమానత్. అందుకే గోదావరిఖని బస్తీల ఆడపిల్లలకు ఇచ్చే శానిటరీ ప్యాడ్ల మీది మాటలనూ తరచి చూడాలి.

జనౌషధి కేంద్రాల్లో రూపాయికి దొరికే ‘సువిధ’ ప్యాడ్‌ను ‘ఆక్సో బయోడిగ్రేడబుల్’ అంటారు. అంటే గాలి, ఎండ తగిలితే ముక్కలయ్యేలా ప్లాస్టిక్‌లో రసాయనం కలుపుతారు. ముక్కలైనంత మాత్రాన మట్టిలో కలిసినట్టు కాదు, సూక్ష్మ ప్లాస్టిక్‌గా మిగలవచ్చు. ఆ రకం ప్లాస్టిక్ వస్తువులను యూరోపియన్ యూనియన్ 2021లో నిషేధించింది. చవక ధర పేదింటికి మేలే. అయినా వాడిన ప్యాడ్‌ను విడిగా చుట్టి మున్సిపల్ చెత్త బండికి ఇవ్వాల్సిందే.

‘ఆర్గానిక్’ అన్నా నిశ్చింత లేదు. 2022లో ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ సంస్థ పది రకాల ప్యాడ్లను పరీక్షించింది. ఆర్గానిక్ పేరుతో అమ్మేవాటితో సహా అన్నింటిలో థాలేట్లనే రసాయనాలు కనిపించాయి. వాటితో జబ్బు తప్పదని ఆ పరీక్ష తేల్చలేదు. పేరును బట్టి కొనకూడదని మాత్రం మనకు అర్థమవుతుంది.

కనుక మామూలు ప్యాడ్లకు ఐ.ఎస్. 5405, ఉతికి వాడేవాటికి ఐ.ఎస్. 17514 ప్రమాణం ఉందా అని దుకాణంలో అడుగుదాం. గుడ్డ ప్యాడ్‌తో చెత్త తగ్గుతుంది. కానీ ఉతకడానికి నీళ్లు, ఆరేయడానికి ఎండ కావాలి. ఏది ఇవ్వాలో ఆ ఇంటి నల్లా, దండెం చూశాకే నిర్ణయిద్దాం.