మోకాలి వెనుక ఉబ్బిన ధమని: పగలడం కాదు, పూడుకుపోవడమే ముప్పు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫాం పొడవు 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ స్టేషన్ దాన్ని దాటేదాకా ప్రపంచంలో అంతకన్నా పొడవైన ప్లాట్‌ఫాం లేదు. ఈ చివర నుంచి ఆ చివరకు నడవడమంటే కిలోమీటరు పైమాటే. అరవై దాటిన ఒక విశ్రాంత ఉద్యోగి ఆ దూరంలో పిక్క పట్టేసి రెండు మూడు చోట్ల ఆగుతున్నాడనుకుందాం. రెండు నిమిషాలు నిలబడితే నొప్పి పోతుంది, మళ్లీ కొంతదూరం నడవగానే వస్తుంది. ఇంట్లోవాళ్లు మోకాలి అరుగుదల అంటారు, లేదంటే వయసు అంటారు. చాలాసార్లు వాళ్ల మాట నిజమే కావచ్చు. కానీ నడిస్తే వచ్చి, ఆగితే పోయే పిక్క నొప్పి కీలుది కాకుండా కాలికి రక్తం తెచ్చే ధమనిది కూడా కావచ్చు. ధమని సన్నబడటం అందుకు మామూలు కారణం. అంతగా తెలియని మరో కారణం ఉంది. అది ధమని ఉబ్బిపోవడం. దాన్నే వైద్యులు ఎన్యూరిజం అంటారు.

బెంగాల్-నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి పనికొచ్చి ఖరగ్‌పూర్‌లోనే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. వర్క్‌షాపుల్లో, పట్టాల మీద ఏళ్ల తరబడి నిలబడి పనిచేసినవారికి ‘కాళ్లలో నరాలు ఉబ్బడం’ కొత్త మాట కాదు. చిక్కంతా ఆ మాటతోనే. వాడుకలో సిర, ధమని, నాడీతంతువు మూడూ ‘నరమే’. నీలంగా మెలికలు తిరిగి చర్మం కింద కనబడేవి ఉబ్బిన సిరలు. గంటల తరబడి నిలబడటానికి వాటితో సంబంధం ఉంది. ధమని ఉబ్బు వేరు. అది లోతుగా ఉంటుంది, పైకి కనిపించదు, వేళ్లతో నొక్కితే గుండెతో పాటు కొట్టుకుంటుంది. నిలబడి పనిచేయడం వల్ల అది రాదు. వయసు, బీడీ, చుట్ట, సిగరెట్, అధిక రక్తపోటు, ధమని గోడలోని సాగే పోగులు క్షీణించడం దీని వెనుక ఉంటాయి. కాళ్ల ధమనుల్లో ఇది ఎక్కువగా వచ్చే చోటు మోకాలి వెనుక గుంటలోని పాప్లిటియల్ ధమని. రోగుల్లో 95 శాతం దాకా పురుషులే.

రైలు పెట్టెల బ్రేకు గొట్టం ఒకచోట ఉబ్బితే ఫిట్టరు దాన్ని ఉంచడు, మార్చేస్తాడు. ఉబ్బిన గొట్టం గోడ మీద లాగుడు బలం, లోపలి ఒత్తిడిని వ్యాసార్ధంతో గుణించినంత ఉంటుంది. దీన్ని లాప్లాస్ నియమం అంటారు. అంటే ఒత్తిడి మారకపోయినా గొట్టం ఎంత ఉబ్బితే గోడ మీద భారం అంత పెరుగుతుంది, భారం పెరిగిన కొద్దీ ఇంకా ఉబ్బుతుంది. పొట్టలోని బృహద్ధమని ఉబ్బితే భయపడేది ఇందుకే. పురుషుల్లో అది 55 మిల్లీమీటర్లు దాటితే సాధారణంగా మరమ్మతు గురించి ఆలోచిస్తారు. పగిలితే ప్రాణం దక్కడం కష్టం.

మోకాలి వెనుక కథ వేరు. అక్కడ మామూలుగా 8 మిల్లీమీటర్లుండే ధమని 24 మిల్లీమీటర్లకు ఉబ్బిందనుకున్నా, గోడ మీద లాగుడు 55 మిల్లీమీటర్ల బృహద్ధమనిలో ఉండేదానిలో సగం కూడా కాదు. అందుకే ఇవి పగలడం అరుదు, 100లో 2 నుంచి 4 మాత్రమే. అసలు ప్రమాదం మరో లెక్కలో ఉంది. వ్యాసం మూడు రెట్లయితే గొట్టం అడ్డుకోత వైశాల్యం తొమ్మిది రెట్లవుతుంది. ప్రవహించే రక్తం అంతే కాబట్టి దాని సగటు వేగం తొమ్మిదో వంతుకు పడిపోతుంది. ఖరగ్‌పూర్‌కూ మిడ్నాపూర్‌కూ మధ్య రైలు దాటే కంసావతి నదిలో నీరు నెమ్మదించిన చోట ఇసుక మేట వేసినట్టు, ఉబ్బిన ధమనిలో గోడ వెంబడి రక్తం పొరలు పొరలుగా గడ్డకడుతుంది. ఆ గడ్డలోంచి చిన్న ముక్కలు విడిపోయి కిందికి వెళ్లి, పాదానికి రక్తమిచ్చే సన్నటి ధమనులను ఒక్కొక్కటిగా మూసేస్తాయి. ఆ విశ్రాంత ఉద్యోగి పిక్క పట్టేయడం అలా మొదలై ఉండవచ్చు. ఏదో ఒక రోజు ఉబ్బు మొత్తం గడ్డతో నిండిపోతే కాలికి రక్తం ఒక్కసారిగా ఆగిపోతుంది.

కనిపెట్టడానికి పెద్ద యంత్రాలేమీ అవసరం లేదు. డాప్లర్ అల్ట్రాసౌండ్ చాలు. ఒక కాలిలో దొరికితే రెండో కాలిని, పొట్టలోని బృహద్ధమనిని కూడా తప్పక చూస్తారు. దాదాపు సగం మందిలో రెండు మోకాళ్ల వెనుకా ఉంటుంది, మూడో వంతు మందికి పైగా పొట్టలోనూ ఉంటుంది. బాధలేమీ లేకపోయినా వ్యాసం 20 మిల్లీమీటర్లు చేరితే మరమ్మతు చేయించుకోవడం మంచిదని నేటి వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆపరేషన్ తట్టుకోవడం కష్టమైన రోగుల్లో 30 దాకా ఆగవచ్చు. 20కి తక్కువున్నా లోపల గడ్డ ఉంటే, ముక్కలు కిందికి జారిన ఆనవాళ్లుంటే అంకె కోసం ఎదురుచూడరు.

ఈ చికిత్సకు పాత చరిత్ర ఉంది. 1785లో లండన్‌లో జాన్ హంటర్ అనే శస్త్రవైద్యుడి దగ్గరకు మోకాలి వెనుక పెద్ద ఉబ్బుతో ఒక గుర్రపుబండివాడు వచ్చాడు. అప్పట్లో ఉన్న దారులు రెండే. కాలు తీసేయడం, లేదా ఉబ్బును నేరుగా కోయడం. రెండోదానిలో చాలామంది చనిపోయేవారు. హంటర్ ఉబ్బును ముట్టుకోలేదు. తొడ మధ్యలో, గోడ బాగున్న చోట ధమనిని దారంతో కట్టేశాడు. పక్కనున్న చిన్న ధమనులు పెద్దవై కాలిని బతికించాయి, బండివాడు తిరిగి పనిలోకి వెళ్లాడు. కానీ చిన్న దారులు అందరిలోనూ సరిపడా పెరగవు. రక్తానికి కొత్త దారి వేయగలగడానికి 1906 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది మాడ్రిడ్‌లో హోసే గొయానెస్ ఇదే మోకాలి ధమని ఉబ్బుకు, పక్కనే ఉన్న రోగి సొంత సిరనే ధమనికి బదులుగా వాడాడు.

ఇప్పటి బైపాస్ కూడా ఆ వంశంలోదే. చీలమండ నుంచి గజ్జ దాకా చర్మం కింద సాగే పొడవైన సిరను తీసి, లోపలి కవాటాలు రక్తానికి అడ్డుపడకుండా తలకిందులు చేసి, ఉబ్బుకు పైనా కిందా కుడతారు. ఉబ్బుకు రెండు వైపులా ధమనిని కట్టేస్తారు. అయితే మోకీలుకు వెళ్లే చిన్న కొమ్మలు ఆ సంచిలోకి వెనుక నుంచి రక్తం పోస్తూ దాన్ని మళ్లీ పెంచే అవకాశం ఉంటుంది. అందుకే కొందరు సర్జన్లు మోకాలి వెనుక నుంచే కోసి, సంచిని తెరిచి, కొమ్మలను లోపల నుంచి కుట్టేస్తారు. మంచి సిర దొరికి, ఇంకా ఐదేళ్లకు పైగా బతికే అవకాశమున్న రోగికి సొంత సిరతో బైపాసే మేలన్నది నేటి మొగ్గు. ముందుగా అనుకొని చేసిన ఇలాంటి బైపాసుల్లో ఐదేళ్ల తర్వాత కూడా ఎక్కువ భాగం తెరిచే ఉంటాయి.

రెండో దారి స్టెంట్ గ్రాఫ్ట్. గజ్జలోని ధమని ద్వారా మడిచిన గొట్టాన్ని పంపి, ఉబ్బు లోపల విప్పుతారు. నిటినోల్ తీగల చట్రానికి పలుచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. నికెల్, టైటానియంల ఈ మిశ్రమలోహం వంగినా తిరిగి తన ఆకారానికి వస్తుంది. పెద్ద కోత ఉండదు, త్వరగా ఇంటికి వెళ్లవచ్చు. గుండె, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవారికి ఇది వరమే. కానీ గొట్టం పట్టుకోవడానికి ఉబ్బుకు పైనా కిందా మంచి ధమని కొంత పొడవున ఉండాలి, పాదం వైపు దారి తెరిచి ఉండాలి, తర్వాత రక్తపు పలుకులు అతుక్కోకుండా మందులు వాడాలి. పైగా శరీరంలో మోకాలిలా మడతపడే చోట్లు కొన్నే. పదేపదే వంగితే నిటినోల్ చట్రం కూడా విరగవచ్చు. బాసింపట్టు వేసుకొని భోంచేసేవారు, గొంతుక్కూర్చునేవారు తమ అలవాటును సర్జన్‌కు ముందే చెప్పాలి. పాశ్చాత్య రోగుల ఫలితాలు కుర్చీల మీద కూర్చునే మోకాళ్లవి. ఈ రెండు పద్ధతులను నేరుగా పోల్చిన యాదృచ్ఛిక ప్రయోగం ఒకటి ఇటలీలోని పాడువాలో జరిగింది. 2005లో ప్రచురితమైన అందులో పరిశీలించినవి 30 ఉబ్బులే, అది తీర్పు చెప్పడానికి చాలని సంఖ్య.

గజ్జలో వచ్చే ఒక ఉబ్బును మాత్రం వీటితో కలపకూడదు. గుండె యాంజియోగ్రాం కోసం సూది గుచ్చిన చోట ధమని సరిగా మూసుకోకపోతే, బయట కండలో రక్తం చేరి కొట్టుకునే గడ్డ కడుతుంది. ధమని గోడ ఉబ్బలేదు కనుక దాన్ని మిథ్యా ఎన్యూరిజం అంటారు. చిన్నవి తమంతట మానతాయి, పెద్దవాటిలో చాలావరకు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ త్రాంబిన్ ఇంజెక్షన్ ఇస్తే క్షణాల్లో గడ్డకట్టి మూసుకుంటాయి.

మోకాలి ధమని ఒక్కసారిగా పూడుకుపోతే ఇంత తీరిక ఉండదు. కాలు చల్లబడి, పాలిపోయి, విపరీతంగా నొప్పి పుట్టి, తర్వాత తిమ్మిరెక్కుతుంది. కండలకు ఉన్న గడువు దాదాపు 6 గంటలు. రక్తనాళాల సర్జన్లు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉంటారు. ఖరగ్‌పూర్ నుంచి హౌరా సుమారు 115 కిలోమీటర్లు, లోకల్ రైల్లో రెండు గంటలకు పైగా పడుతుంది. నొప్పి నివారణ మాత్ర వేసుకొని తెల్లారేదాకా చూద్దామనుకుంటే గడువు ఇంట్లోనే అయిపోతుంది. దగ్గర్లోని ఆసుపత్రిలో చేయగల మొదటి పని, వేరే అడ్డంకి లేకపోతే, గడ్డ పెరగకుండా హెపారిన్ ఇచ్చి వెంటనే పంపడం. అక్కడికి చేరాక, కాలిలో ఇంకా స్పర్శ ఉంటే, సన్నటి గొట్టం ద్వారా గడ్డను కరిగించే మందు పంపి పాదం వైపు ధమనులను ముందు తెరిచి, ఆ తర్వాత బైపాస్ చేయవచ్చు. వేళ్లు కదలకపోతే మందు పనిచేసేదాకా ఆగడానికి వీల్లేదు, నేరుగా ఆపరేషన్ బల్ల మీదికే. ఇలా అత్యవసరంగా వచ్చినవారిలో కాలు పోగొట్టుకునేవారు, 20 మిల్లీమీటర్ల దగ్గరే కనిపెట్టి మరమ్మతు చేయించుకున్నవారికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.