చప్టా కింద పూతరేకులు

పొద్దున్నే కుర్చీ వేసుకుని వాకిట్లో కూర్చోవడం ఈ నెలలో నాకు పెద్ద ఉద్యోగమైపోయింది. చప్టా వేయిస్తున్నాం. వేసేది మేస్త్రి, కాపలా కాసేది నేను, నా కాపలా చూసి నవ్వేది మీ మామ్మ. "అతని పని అతన్ని చేసుకోనివ్వండి, రిటైరయ్యాక కూడా ఇన్‌స్పెక్షనేమిటి" అని దెప్పుతుంది. మేస్త్రి మంచివాడే. ఏమడిగినా "ఆయ్, మనకి తెలియందేముందండి మేష్టారూ" అంటాడు. ఆ మాట వినగానే నాకు దిగులు పట్టుకుంటుంది. అన్నీ తెలుసన్న పిల్లాడే పరీక్షలో తెల్లకాగితం ఇచ్చి వెళ్లడం నేను చాలాసార్లు చూశాను.

అన్నట్టు, మేస్త్రి, మేష్టారు ఒకే తాత మనవలు. మేస్త్రి పోర్చుగీసువాళ్ల 'మెస్త్రె' నుంచి వచ్చాడు, మేష్టారు ఇంగ్లీషువాళ్ల 'మాస్టర్' నుంచి. ఇద్దరికీ మూలం లాటిన్‌లోనే ఉంది. అందుకే కాబోలు, ఒకరి పనిలో ఒకరికి వేలు పెట్టాలనిపిస్తుంది.

నా దిగులు పైన పరిచే నాపరాళ్ల గురించి కాదు. రాళ్లు కళ్లకి కనిపిస్తాయి, పగిలినదాన్ని తీసి పక్కన పెట్టించొచ్చు. కనిపించనిదంతా కింద ఉంటుంది. మన ఇల్లున్న చోటు ఒకప్పుడు వరిచేను. వేసవిలో కాలువలు కట్టేశాక చేలల్లో నెర్రెలు చూశారుగా, చెయ్యి దూరేంత! మళ్లీ లాకులెత్తి నీళ్లు వదిలాక ఆ నెర్రెలు కనబడవు. వాటిని ఎవరూ పూడ్చరు. మట్టే ఉబ్బి మూసుకుంటుంది.

మట్టి ఎందుకు ఉబ్బుతుందో తెలియాలంటే ఆత్రేయపురం పూతరేకు ఒకటి విప్పి చూడండి. కాగితం కన్నా పల్చటి పొరలు, పొర మీద పొర. ఉత్త పొరలు చుడితే వేలెడు మందం కూడా రాదు. మధ్యలో పంచదార పొడి చల్లి, నెయ్యి పూసి చుడితే బొద్దుగా తయారవుతుంది. మన డెల్టా బంకమట్టిలోని రేణువులూ అంతే, కంటికి ఆనని పొరల కట్టలు. ఆ పొరల సందుల్లోకి నీటి అణువులు దూరితే కట్ట మందమవుతుంది, ఎండితే మళ్లీ చిక్కిపోతుంది. ఒక్క రేణువు ఉబ్బితే లెక్కేమీ లేదు. వాకిలంతా ఉబ్బితే? పైనున్న రాయి లేస్తుంది, వేసవిలో మళ్లీ కుంగుతుంది. రెండేళ్లు ఇలా లేచి కూర్చునేసరికి అతుకులు ఊడతాయి.

మేస్త్రి మొదట చెప్పిన పద్ధతేమిటంటే, గడ్డి చెక్కేసి, మూడంగుళాల బుసక పరిచి, దానిమీదే రాళ్లు. అంటే పూతరేకుల మీద పీట వేసుకుని కూర్చోమనడం! నేను ఒప్పుకోలేదు. అడుగు లోతు మట్టి తీయించి గ్రావెల్ పోయించాను. ఖర్చు పెరిగింది. మామ్మ రెండురోజులు మాట్లాడలేదు.

గ్రావెల్ పోయించడంతో సరిపోదు, అది అణగాలి. కుంచంతో ధాన్యం కొలిచే రోజుల్లో గడుసువాళ్లు కుంచాన్ని రెండుసార్లు నేలకి తట్టేవారు. తట్టగానే గింజలు సర్దుకుని ఇంకో గుప్పెడు పట్టేది. అమ్మేవాడు తట్టనిచ్చేవాడు కాదు, కొనేవాడు తట్టకుండా ఊరుకునేవాడు కాదు. చప్టా విషయంలో మనం కొనేవాళ్లం. ఇప్పుడు దిమ్మిసతో తట్టించకపోతే, రేపు మన మోటార్ సైకిలూ, గ్యాస్ బండ దించే ఆటో, వానా కలిసి తడతాయి. చప్టా దిగబడుతుంది.

దిమ్మిస కొట్టేముందు ఎన్ని నీళ్లు చల్లాలి? ఇక్కడే నాకూ మేస్త్రికీ అసలు యుద్ధం. అతను గొట్టం పెట్టేసి టీకి వెళ్లిపోతాడు. మామ్మ సున్నుండలు చుట్టేటప్పుడు చూడండి. నెయ్యి చాలకపోతే ఉండ కట్టదు, రాలిపోతుంది. ఎక్కువైతే చేతికి అంటుకుని జారిపోతుంది. రెండింటికీ మధ్య ఒక్కచోట చక్కగా బిగుసుకుంటుంది. మట్టికీ అంతే. కాస్త తడి ఉంటే రేణువులు ఒకదాని మీద ఒకటి జారి సందుల్లో కూర్చుంటాయి. తడి మరీ ఎక్కువైతే సందులన్నీ నీళ్లే ఆక్రమిస్తాయి. నీరు నొక్కితే నొక్కుకోదు, ఇంక రేణువులు వెళ్లేదెక్కడికి? అమెరికాలో లాస్ ఏంజెలస్ దగ్గర మట్టి ఆనకట్టలు కట్టించిన ప్రాక్టర్ అనే ఇంజనీరు 1933లో ఈ సంగతిని లెక్కకట్టి రాశాడు. ఇప్పటికీ రోడ్లు వేసేవాళ్లు మట్టికి ప్రాక్టర్ పరీక్ష చేస్తారు. నా పరీక్ష సులువు. గుప్పెడు తీసి పిసికితే ఉండ కట్టాలి, చేతికి నీళ్లు అంటకూడదు. అడుగు మందం ఒకేసారి పోసి కొట్టినా లాభం లేదు. దిమ్మిస దెబ్బ పైన నాలుగైదు అంగుళాలకే అందుతుంది. రెండు మూడు పొరలుగా పోయాలి. ఇది చెప్పినప్పుడు మేస్త్రి మొదటిసారి "ఆయ్" అనకుండా ఆలోచించాడు.

గ్రావెల్ మీద రెండంగుళాల ఇసుక పరుస్తుంటే మన పక్కింటాయన గోడమీంచి చూసి, "ఇసుక మీద కట్టడమా మేష్టారూ, నిలుస్తుందా?" అన్నారు. గోదావరి పక్కన పుట్టినవాళ్లు అడగాల్సిన ప్రశ్నేనా ఇది! ధవళేశ్వరం దగ్గర నది అడుగున రాతినేల అందలేదు, ఎంత తవ్వినా ఇసుకే. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 కల్లా ఆనకట్ట పూర్తిచేసింది ఆ ఇసుక మీదే. అంతకుముందు ఆయన తమిళదేశంలో కావేరి పనులు చూశాడు. అక్కడ మన పాతకాలపువాళ్లు కట్టిన కల్లణై ఆనకట్ట కూడా ఇసుక మీదే నిలబడి ఉంది. లోతు తెలియని ఇసుకలో పునాది ఎలా వెయ్యాలో వాళ్ల దగ్గరే నేర్చుకున్నామని ఆయనే చెప్పుకున్నాడు. కిటుకేమిటంటే, ఇసుకకి బరువు మోయడం చేతవును, ఒకచోట కుదురుగా ఉండటమే చేతకాదు. కట్టేసి ఉంచితే ఎంతైనా మోస్తుంది. అందుకే గోడ కింద బావుల వరసలు దించి, దిగువన నీటి కోతకి ఇసుక లేచిపోకుండా పెద్ద పెద్ద రాళ్లు దొర్లించారు. ఆ ఆనకట్ట నూట పాతికేళ్లకు పైగా పనిచేసింది.

మన చప్టాకి బావులక్కర్లేదు. చుట్టూ ఇటుకతో గట్టి అంచు కడితే చాలు. మేస్త్రి దాన్ని ఆఖర్న, 'షో కోసం' కడతానన్నాడు. ముందే కట్టించాను. అంచు లేని ఇసుక ఒక్క ముసురుకి జారుకుంటుంది.

తరవాత వాటం. రెండు చివర్లలోనూ మట్టం ఒకటేనని తేల్చడానికి మేస్త్రి దగ్గర పారదర్శకమైన సన్నగొట్టం ఉంది. అందులో నీళ్లు పోసి ఒక కొన గుమ్మం దగ్గర, ఒక కొన గేటు దగ్గర పట్టుకున్నారు. గొట్టం మధ్యలో పామల్లే మెలికలు తిరిగినా సరే, రెండు కొసల్లోనూ నీరు ఒకే ఎత్తున నిలబడింది. నీటి ఒత్తిడి దాని ఎత్తుని బట్టే గాని గొట్టం వంకరల్ని బట్టి ఉండదు. కాని లోపల గాలిబుడగ ఇరుక్కుంటే లెక్క తప్పుతుంది. బుడగ ఉన్నచోట నీటి బరువు లేదు కదా! నేను కళ్లజోడు పెట్టుకుని గొట్టం పొడుగునా వెతికితే ఒకటి దొరికింది. ఆ రోజు మామ్మ నాకు రెండోసారి కాఫీ ఇచ్చింది.

మట్టం తేలాక గేటు వైపు పది అడుగులకి రెండంగుళాల చొప్పున దించమన్నాను. వాటం ఇంటికి దూరంగా పోవాలి, చప్టా ఎప్పుడూ ఇంటి బేస్‌మెంట్ కన్నా కిందే ఉండాలి. మన ఊళ్లలో సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా జానెడు లేస్తుంది. దానితో పోటీపడి వాకిలి లేపుతారు. చివరికి ఇల్లు గోతిలో మిగులుతుంది. అప్పుడు దీపం ఒత్తి నూనెని పైకి లాక్కున్నట్టు ఇటుకగోడలోని సన్నని రంధ్రాలు తేమని లాక్కుంటాయి. మన నేలలో నీరు పైపైనే ఉంటుంది కాబట్టి వాటికి కరువు లేదు. గోడకి అడుగెత్తున పెచ్చులూడి తెల్లగా ఉప్పు తేలిన ఇళ్లు వీధికి రెండైనా కనిపిస్తాయి.

రాళ్లు పరిచేటప్పుడు నాలుగు మూలలా నాలుగు సిమెంటు ముద్దలు, మధ్యలో ఒకటి వేసి రాయి బోర్లిస్తే పని తొందరగా అవుతుంది. కింద డొల్ల మిగులుతుంది. దాన్ని పట్టుకోవడానికి నా దగ్గరున్న పరికరం రూపాయి బిళ్ల. సంతలో కుండ కొనేటప్పుడు వేళ్లతో కొట్టి చూస్తాం కదా, ఇదీ అదే. అడుగంతా ఆనిన రాయి 'టక్' మని ఊరుకుంటుంది. కింద గాలి ఉంటే మద్దెలలా మోగుతుంది. మూడు మోగాయి, రెండు తీయించాను.

సిమెంటు గురించి ఒక్కటే. అది ఆరి గట్టిపడదు, నీళ్లు తాగి గట్టిపడుతుంది. కలిపేటప్పుడు ఎక్కువైన నీరు చిల్లులు మిగిల్చిపోతుంది కాబట్టి అప్పుడు పొదుపు, బిగిశాక మాత్రం ధారాళం. కనీసం పది రోజులు గోనెసంచులు కప్పి తడుపుతూ ఉండాలి. రాళ్లమీద సిమెంటు మరకలు పోవడానికి మేస్త్రి దగ్గరి కుర్రాడు ఆసిడ్ సీసా తెస్తే వెనక్కి పంపేశాను. నాపరాయంటే సున్నపురాయే. నమ్మకపోతే పగిలిన ముక్కని గీకి, ఆ పొడిమీద నిమ్మరసం పిండండి, సన్నగా బుసబుసమని పొంగుతుంది. నిమ్మకాయకే అలా ఉంటే ఆసిడ్‌కి నునుపు మిగులుతుందా?

మొన్న వాన కురిసింది. పావుగంటలో నీరంతా గేటు దాటి మురుక్కాలువలో పడింది. తులసికోట పక్కన మూడో రాయి ఇంకా మోగుతూనే ఉంది. మేస్త్రి ఆదివారం వస్తానన్నాడు. అతనికి ఇవ్వాల్సిన ఆఖరి రెండువేలు నా దగ్గరే ఉన్నాయి.