ఒకే పేరు - రెండు వ్యాధులు

మెడలోనో చంకలోనో నొప్పి లేని గడ్డ కనిపిస్తుంది. ముక్క తీసి పరీక్షకు పంపితే 'లింఫోమా' అని రిపోర్టు వస్తుంది. వెంటనే ఇంటిల్లిపాదీ అడిగే ప్రశ్న ఒక్కటే: "డాక్టరుగారూ, మనిషి దక్కుతాడా?"

లింఫోమా అంటే లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలకు సోకే క్యాన్సర్. దీనిలో పెద్దవారికి ఎక్కువగా వచ్చేది 'డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్' రకం. ఇది వేగంగా పెరుగుతుంది; అయినా మందులతో పూర్తిగా నయమయ్యే అవకాశముంది. మైక్రోస్కోపు కింద ఒకేలా కనిపించే గడ్డలున్న ఇద్దరికి ఒకే మందులిస్తే, ఒకరు కోలుకునేవారు, మరొకరు కోలుకునేవారు కారు. ఎందుకో వైద్యులకు అంతుబట్టేది కాదు.

కారణం కణం లోపల ఉంది. కణాలన్నిటిలోనూ దాదాపు అవే జన్యువులున్నా, అన్నీ ఒకేసారి పనిచేయవు. రాత్రివేళ ఏ గదిలో దీపం వెలుగుతోందో చూసి ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఊహిస్తాం కదా! అలాగే 2000లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, జాతీయ క్యాన్సర్ సంస్థల శాస్త్రజ్ఞులు 'లింఫోచిప్' సాయంతో వేలాది జన్యువులను ఒకేసారి పరిశీలించారు. ఒకే పేరు కింద రెండు వేర్వేరు వ్యాధులున్నాయని తేలింది. ఒకటి లింఫు గ్రంథుల 'జర్మినల్ సెంటర్' కణాలను పోలినది. రెండవది ఉత్తేజితమైన బి-కణాలను పోలినది.

2002లో 240 మంది రోగుల గడ్డలను పరీక్షించారు. కీమోథెరపీ తీసుకున్న మొదటి రకం వారిలో నూటికి 60 మంది, రెండవ రకంలో 35 మంది, ఈ రెంటిలో చేరనివారిలో 39 మంది ఐదేళ్లు జీవించారు. 17 జన్యువులను బట్టి ఫలితాన్ని అంచనా వేసే పద్ధతినీ రూపొందించారు.

ఇవి రిటుక్సిమాబ్ వాడకముందు నాటి లెక్కలు. ఆ మందు చేరాక రెండు రకాలలోనూ ఫలితాలు మెరుగయ్యాయి. జన్యుచిప్ పరీక్ష అన్నిచోట్లా జరగదు. అందుకే సి.డి.10, బి.సి.ఎల్.6, ఎం.యు.ఎం.1 అనే మూడు ప్రోటీన్లకు రంగు వేసి రకాన్ని గుర్తించే పద్ధతిని 2004లో ప్రకటించారు. అది జన్యుపరీక్షంత కచ్చితం కాకపోయినా మామూలు ల్యాబులలో వీలవుతుంది.

ఒక్క సంగతి మరువకూడదు. నూటికి 35 అన్నది గుంపు లెక్క. మీ ఇంటి మనిషికి రాసిపెట్టిన గడువు కాదు. ఆ 35 మందిలో ఆయన ఉండవచ్చు. కనుక "ఎన్నాళ్లు బ్రతుకుతాడు?" అని కుమిలిపోకండి. "ఏ రకం? ఏ మందు సరిపడుతుంది?" అని డాక్టరును అడగండి. చికిత్సను మాత్రం నడుమ ఆపకండి.